ఒక నిమిషం పది సెకన్లు

నా నోటుబుక్కులో అరవై ఆరు ఉంది. ఉండవలసింది యాభై తొమ్మిది. తేడా ఏడు.

ఇరవై మూడేళ్ల ఉద్యోగంలో నేను చేసిన తప్పులు ఇంకా ఉన్నాయి. అన్నీ తేదీలతో సహా రాసి పెట్టుకున్నాను, మొత్తం పందొమ్మిది. అందులో పద్దెనిమిది తప్పులు దిద్దగానే దిద్దుబాటయ్యాయి. ఈ ఒక్కటి మాత్రం దిద్దిన తర్వాత కూడా నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీరు నా అనుభవం ఏదైనా రాయమన్నారు. చెప్పుకోదగ్గ మంచి పనులు రెండు మూడు లేకపోలేదు. కానీ కలం పట్టుకుంటే చెయ్యి దీని దగ్గరికే పోతోంది.

జర్మనీలో, కొలోన్‌కు దగ్గరగా ఉన్న ఒక యూనివర్సిటీలో, క్రీడా విభాగంలో పనిచేశాను. మొదటి నాలుగేళ్లు ఈత కొలను తాళాలు నా చేతిలో ఉండేవి. తర్వాత ఎనిమిదేళ్లు జిమ్ కార్డులు చూశాను. ఆఖరి పదకొండేళ్లు యూనివర్సిటీల ఫ్లాగ్ ఫుట్‌బాల్ లీగ్‌లో మా డివిజన్ పట్టిక నా బాధ్యత. చీరాలలో పుట్టి పెరిగిన మనిషికి ఈ పని ఎలా అబ్బిందని అడగకండి. లెక్క ఎక్కడైనా లెక్కే.

ఫ్లాగ్ ఫుట్‌బాల్ అంటే అమెరికా వాళ్ల ఫుట్‌బాల్‌కు సాధువైన చెల్లెలు. జట్టుకు ఐదుగురు, ఆడా మగా కలిసే ఆడతారు. ఒకరి మీద ఒకరు పడడాలు, తోసుకోవడాలు లేవు. ప్రతివాళ్ల నడుముకూ రెండు గుడ్డ పట్టీలు వేలాడుతుంటాయి. బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ల పట్టీని అవతలివాళ్లు లాగేస్తే అక్కడితో ఆ ప్రయత్నం ఆగుతుంది. మన కబడ్డీ చూసిన కళ్లకు ఇది తొందరగానే అర్థమవుతుంది. గీత దాటి బంతి చేరిస్తే ఆరు పాయింట్లు, ఆపైన అదనంగా ఒకటో రెండో తెచ్చుకునే అవకాశం. గీత చేరడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. మీకు ఇంతకంటే అవసరం లేదు.

నా పని మూడు భాగాలు. మ్యాచ్‌కు ముందు ప్రతి ఆటగాడూ ఈ సెమిస్టర్‌లో నిజంగా విద్యార్థేనని చూపే కాగితం చూడాలి. మ్యాచ్ తర్వాత ఇద్దరు కెప్టెన్లూ రెఫరీ కూడా సంతకం పెట్టిన ఫలితం చీటీ తీసుకోవాలి. సోమవారం పొద్దున ఆ చీటీ చూసి లీగ్ వెబ్‌సైట్‌లో పట్టిక మార్చాలి. పట్టికను జర్మన్లు టాబెల్లె అంటారు. నాకు వాళ్లు పెట్టిన పేరు ఫ్రావ్ టాబెల్లె, అంటే పట్టికమ్మ గారు. ఎగతాళిగా పెట్టిన పేరే. రెండేళ్లకు అది గౌరవంగా మారింది.

మొదటి ఏడాది నా లెక్కను అందరూ సరిచూశారు. రెండో ఏడాది పైపైన చూశారు. మూడో ఏడాది నుంచి చూడడం మానేశారు. దాన్ని నేను గొప్ప సంగతి అనుకున్నాను. మీ లెక్కను ఎవరూ సరిచూడని రోజు వస్తే భయపడండి. నాకు ఆ బుద్ధి ఆలస్యంగా వచ్చింది.

నేను చెబుతున్నది నా ఆఖరి సీజన్ సంగతి. డివిజన్‌లో ఐదు జట్లు. ప్రతి జట్టూ తక్కిన నాలుగింటితో రెండేసి సార్లు, అంటే ఎనిమిది మ్యాచ్‌లు ఆడాలి. మా యూనివర్సిటీ జట్టు పదకొండేళ్లలో ఒక్కసారి కూడా డివిజన్ గెలవలేదు. గెలిచిన జట్టే దేశం మొత్తానికి జరిగే ఫైనల్స్‌కు వెళుతుంది. రెండో స్థానానికి ఏమీ లేదు, కరచాలనం తప్ప.

మా ట్రైనర్ జర్మన్, నిలువెత్తు మనిషి. సిగరెట్ మానేసినప్పటి నుంచి పచ్చి క్యారెట్ నములుతూ ఉండేవాడు. జట్టు ఓడిపోతుంటే క్యారెట్లు తొందరగా అయిపోయేవి. కెప్టెన్ మాత్రం మన పిల్లే. హైదరాబాద్ మలక్‌పేట నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చింది. తలకు బిగుతుగా నల్ల స్కార్ఫ్, కాళ్లకు ఎప్పుడూ ఒకే జత బూట్లు. బంతి అందుకోవడంలో ఆ పిల్లకు సాటి లేరు. ఇది అభిమానంతో చెబుతున్న మాట కాదు. ఆ సీజన్‌లో ఆమె వైపు విసిరిన బంతులు అరవై నాలుగు. పట్టినవి యాభై ఎనిమిది. చేతికి తగిలి జారినవి మూడు, ఆ మూడూ ఒకే వాన రోజు. తక్కిన మూడు ఆమెకు అందేంత దగ్గరికి రాలేదు. పొడి నేల మీద ఆమె చేతుల్లోంచి జారిన బంతి ఒక్కటీ లేదు. ఈ అంకెల అవసరం నా ఉద్యోగానికి లేదు. నేను ఆట చూస్తే రాయకుండా ఉండలేను. అంతే.

ఈ అలవాటే కొంప ముంచింది.

ఏప్రిల్ మూడో శనివారం. దక్షిణం నుంచి ఒక జట్టు నాలుగు గంటలు రైల్లో కూర్చుని మా గ్రౌండుకు వచ్చింది. వచ్చింది ఆరుగురే. కాగితాలు చూశాను. ఇద్దరివి పోయిన సెమిస్టర్‌వి, మార్చి ముప్పై ఒకటితో గడువు తీరింది. కొత్త సెమిస్టర్‌కు నమోదు చేసుకున్నామనీ, కాగితం ఇంకా డౌన్‌లోడ్ కావడం లేదనీ వాళ్లు చెప్పారు. అబద్ధం చెబుతున్నారని నేను అనుకోలేదు. కానీ ఆ ఇద్దరినీ తీసేస్తే మిగిలేది నలుగురు. ఐదుగురు లేని జట్టు మ్యాచ్ వదులుకున్నట్టే. నియమం ప్రకారం ఫలితం 20–0, మాకు అనుకూలంగా.

మా కెప్టెన్ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, పాపం వాళ్లు నాలుగు గంటలు రైల్ల కూసోని వచ్చిన్రు. రెండు కాగితాల కోసం మ్యాచ్ ఇచ్చేసుడేంది?"

"కాగితం లేనిదే ఆటగాడు లేడమ్మా."

"ఎదురుంగ నిలవడ్డడు కద ఆంటీ! ఆరడుగులు ఉన్నడు. లేడంటరేంది?"

"నాకు కాగితంలో కనిపించాలి."

"క్యా ఆంటీ," అని నెత్తి కొట్టుకుంది. "మాకు ఇట్ల వచ్చే గెలుపు వద్దు."

ట్రైనర్ కూడా వచ్చి, సగం క్యారెట్ నోట్లో ఉండగానే, "ఫ్రావ్ టాబెల్లె, ఒక్కసారి కళ్లు మూసుకోండి" అన్నాడు. నేను కళ్లు మూసుకోలేదు. చీటీ మీద ఎర్ర సిరాతో 20–0 అని రాసి, సంతకాలు తీసుకుని, సంచిలో పెట్టాను.

అంత దూరం వచ్చిన పిల్లలు ఊరికే ఎలా తిరిగి వెళతారు? లెక్కలోకి రాని స్నేహపు ఆటగా రెండు జట్లూ ఆడుకున్నాయి. చాలా బాగా ఆడుకున్నాయి కూడా. నేను బల్ల దగ్గర కూర్చుని, చేతులూరుకోక, నోటుబుక్కులో పెన్సిల్‌తో స్కోరు రాసుకుంటూ పోయాను. మా జట్టు 33–6తో గెలిచింది. అంటే ఇరవై ఏడు పాయింట్ల తేడా.

సోమవారం పొద్దున ఆఫీసులో చీటీలు సంచిలోనే ఉన్నాయి. నోటుబుక్కు బల్ల మీద ఉంది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ నేను చెప్పే మొదటి మాట, "చీటీ చూసి ఎక్కించు, నోటుబుక్కు చూసి కాదు." ఆ సోమవారం నేను నోటుబుక్కు చూసి ఎక్కించాను. ఎందుకు అంటే చెప్పలేను. ఆ రోజు జ్వరం లేదు, తొందర లేదు, ఎవరూ పిలవలేదు. టీ కూడా వేడిగానే ఉంది. నా కళ్ల ముందు జరిగిన ఆటను రాశాను. అది లెక్కలోకి రాదని చెప్పిందీ నేనే. గెలుపు ఎలాగైనా మాదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పాయింట్ల తేడా గడిలో ఇరవైకి బదులు ఇరవై ఏడు పడింది. పన్నెండు వారాలు అది వెబ్‌సైట్‌లో అందరి కళ్ల ముందూ ఉంది.

సీజన్ చివరికి వచ్చేసరికి పోటీ రెండు జట్లకు కుదించుకుపోయింది. ఒకటి మేము. రెండోది ఉత్తరాన, వోల్ఫ్స్‌బర్గ్‌కు దగ్గరున్న యూనివర్సిటీ జట్టు. దాని కోచ్ విజయవాడ మనిషి. వారం రోజులూ వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పని, శని ఆదివారాలు ఈ పిల్లలతో పని. ఉత్తరం వాళ్ల మ్యాచ్‌లన్నీ అయిపోయాయి. ఆరు గెలుపులు, గెలుపుకు రెండు చొప్పున పన్నెండు పాయింట్లు, ఆటల్లో తెచ్చుకున్న, ఇచ్చుకున్న పాయింట్ల తేడా డెబ్భై ఒకటి. మాకు ఐదు గెలుపులు, పట్టికలో తేడా అరవై ఆరు, ఒక మ్యాచ్ మిగిలి ఉంది. అది గెలిస్తే మాకూ పన్నెండు. రెండు జట్లూ ఒకరి మీద ఒకరు చెరొక మ్యాచ్ ఆరేసి పాయింట్లతో గెలిచారు, కాబట్టి అక్కడా తేలదు. అప్పుడు మొత్తం పాయింట్ల తేడాయే తేల్చాలి.

జూలై రెండో శనివారం పొద్దున ట్రైనర్ నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు. "ఎంత తేడాతో గెలవాలి?"

అరవై ఆరుకు ఆరు కలిపితే డెబ్భై రెండు. చిన్న కాగితం ముక్క మీద పెద్దగా 6 అని రాసి ఇచ్చాను. అతను దాన్ని టోపీ లోపల పెట్టుకున్నాడు.

మ్యాచ్ మధ్యాహ్నం రెండింటికి. పక్క ఊరి జట్టు, ట్రాములో అరగంట దూరం నుంచి వచ్చింది. వాళ్లకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, అందుకే ప్రాణం పెట్టి ఆడారు. ఉత్తరం కోచ్ కూడా చూడడానికి వచ్చి, నా బల్లకు కాస్త దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. అరగంటకు ఒకసారి నా దగ్గరికి రావడం, "మేడం గారూ, ఆరేగా అండీ?" అనడం, "ఆరే" అని నేను అనడం. మూడుసార్లు అయింది. మూడుసార్లూ నేను సరిచూసుకోవచ్చు. చీటీల ఫైలు నా కాళ్ల దగ్గర సంచిలోనే ఉంది.

ఒక నిమిషం పది సెకన్లు మిగిలి ఉండగా మేము 27–19తో ముందున్నాం. ఎనిమిది పాయింట్ల తేడా. బంతి మా చేతిలో ఉంది, గీతకు ఐదు గజాల దూరంలో. నాలుగు ప్రయత్నాలూ మిగిలే ఉన్నాయి. మా కెప్టెన్ నా బల్ల వైపు పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ, ఎనిమిది చాల?"

"ఆరు కావాలి, ఎనిమిది ఉంది. రెండు మిగులు. చాలు."

"పక్కా?"

నేను ఆ ప్రశ్నకు కొంచెం చిన్నబుచ్చుకున్నాను. "పదకొండేళ్ల నుంచి చేస్తున్నానమ్మా ఈ పని" అన్నాను.

ఆమె నవ్వి వెనక్కి పరుగెత్తింది. ముందున్న జట్టు బంతి తీసుకుని మోకాలు నేలకు ఆనిస్తే చాలు, ఆ ప్రయత్నం అయిపోయినట్టు, గడియారం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. పాస్ విసిరితే అవతలివాళ్లు లాక్కునే ప్రమాదం ఉంది. అందుకని తెలివైన జట్టు ఆ సమయంలో మోకాలు ఆనించి కూర్చుంటుంది. మా వాళ్లు మూడుసార్లు మోకాలు ఆనించారు. గడియారం సున్నాకు వచ్చింది.

పిల్లలు ఒకరి మీద ఒకరు ఆపిల్ రసం, సోడా పోసుకుంటున్నారు. ట్రైనర్ టోపీలోంచి నా కాగితం ముక్క తీసి ముద్దు పెట్టుకున్నాడు. ఉత్తరం కోచ్ వచ్చి అందరితో చేతులు కలిపాడు. నా దగ్గరికి వచ్చి, "కంగ్రాట్స్ అండీ. మూడు పాయింట్లతో పోయింది మాకు" అని, నవ్వుతూనే స్టేషన్‌కు వెళ్లే ట్రాము స్టాపు వైపు నడిచాడు.

నేను ఆఖరి చీటీ ఫైలులో పెట్టి, సీజన్ ముగిసింది కాబట్టి, తక్కిన చీటీలను వరసగా తిరగేస్తున్నాను. ఇది నా అలవాటు. ఏప్రిల్ చీటీ దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ఎర్ర సిరా. నా చేతిరాత. 20–0.

వెంటనే అర్థమైంది. అయినా మూడుసార్లు కూడి చూశాను. యాభై తొమ్మిది. దానికి ఎనిమిది కలిపితే అరవై ఏడు. ఉత్తరం డెబ్భై ఒకటి. మాకు కావలసింది ఆరు కాదు, పదమూడు. ఐదు గజాల దూరం నుంచి ఒక్కసారి గీత దాటి ఉంటే పద్నాలుగు అయ్యేది.

ఇంకో సంగతి అప్పుడే తట్టింది. ఏప్రిల్‌లో నేను కళ్లు మూసుకుని ఆ ఇద్దరినీ ఆడనిచ్చి ఉంటే, ఇరవై ఏడూ న్యాయంగానే మావి అయ్యేవి. అప్పుడు ఈ ఎనిమిదే సరిపోయేది. ఆ నియమం పట్టుకున్నదీ నేనే, ఈ అంకె తప్పు వేసింది కూడా నేనే. మొదటిది లేకపోతే ఈ పిల్లలు ఛాంపియన్లు. రెండోది లేకపోతే కనీసం ఆ నిమిషం ఆడేవాళ్లు.

ట్రైనర్‌ను పక్కకు పిలిచి చీటీ చూపించాను. అతను చాలాసేపు చూశాడు.

"ఇది ఎవరికి తెలుసు?" అన్నాడు.

"నాకు."

"ఇంకెవరికి?"

"ఇప్పుడు మీకు."

అతను పిల్లల వైపు చూశాడు. జేబులో చెయ్యి పెట్టాడు. క్యారెట్ లేదు. "సెప్టెంబర్‌లో మీరు రిటైరవుతున్నారు. పన్నెండు వారాలు ఎవరూ చూడనిది ఇకపైన ఎవరు చూస్తారు?" అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ పిల్లల ముఖాలు చూస్తూ అన్న మాట అది. ఒక క్షణం నా మనసులో కూడా అదే మాట ఉంది. ఒక క్షణం కంటే ఎక్కువే ఉండొచ్చు. ఆ లెక్క ఒక్కటి నా దగ్గర లేదు.

"నేను చూస్తాను" అన్నాను. చీటీ పట్టుకుని ట్రాము స్టాపు వైపు నడిచాను. నడవడం అన్నాను కానీ పరుగే. అరవై ఆరేళ్ల మనిషి ఎండలో పరుగెత్తడం మీరు చూడకపోవడమే మంచిది.

ఉత్తరం కోచ్ ఇంకా స్టాపులోనే ఉన్నాడు.

"అదేంటండీ మేడం గారూ, ఆ పరుగేంటి? నేనేమైనా మర్చిపోయానా?"

"మీరు కాదు, నేను. ఛాంపియన్లు మీరు."

"ఊరుకోండి మేడం గారూ! ఓడిపోయామని ఇప్పుడే మా ఆవిడకు మెసేజ్ పెట్టానండి. హమ్మయ్య, ఇక ఆదివారాలు ఇంట్లో ఉంటారు అని పాయసం బొమ్మ కూడా పెట్టేసిందండి."

చీటీ చేతికిచ్చాను. అతను ఫోను తీశాడు. "ఫోను వద్దు, చేత్తో వేయండి" అన్నాను.

"మీ లెక్క నేను చూడడమేంటండీ."

"చూడాలి. ఎవరో ఒకరు ఏప్రిల్‌లోనే చూడాల్సింది."

అతని రైలు టికెట్ వెనక నా పెన్సిల్‌తో ఇద్దరం లెక్క కూడాం. రెండు ట్రాములు వెళ్లిపోయాయి. డెబ్భై ఒకటి, అరవై ఏడు. అతను సంతోషంతో ఎగురుతాడనుకున్నాను. పెన్సిల్ నాకు తిరిగి ఇచ్చేసి, కాసేపు పట్టాల వైపు చూశాడు.

"మేడం గారూ, ఆ పిల్లలకు పదమూడు కావాలని తెలిసుంటే ఆఖర్లో అలా కూర్చునేవాళ్లా అండీ?"

"కూర్చునేవాళ్లు కాదు."

"మరి ఈ గెలుపు నేను మావాళ్లకు ఏమని చెప్పాలండీ? అవతలివాళ్లు కూర్చున్నారు, అందుకని గెలిచామనా?" మళ్లీ తనే అన్నాడు, "ఓ పని చేద్దామండీ. ఆ నిమిషం మళ్లీ ఆడించండి. ఆ పక్క ఊరి వాళ్లు ఇంకా ట్రామెక్కలేదు. నాకేం అభ్యంతరం లేదు, కావాలంటే రాసిస్తాను. గీత దాటితే వాళ్లది, లేకపోతే మాది."

నేను ఏమన్నానో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

"రెఫరీ సంతకం పెట్టిన మ్యాచ్‌ను మళ్లీ తెరవడానికి నియమం లేదండీ."

అతను నా వైపు అదోలా చూశాడు. కోపం కాదు. మూడో ట్రాము వచ్చింది. ఎక్కేశాడు.

గ్రౌండుకు తిరిగి వచ్చేసరికి ట్రైనర్ పిల్లలకు చెప్పేశాడు. అందరూ గడ్డి మీద కూర్చుని ఉన్నారు. జర్మన్ పిల్లలు నన్ను తప్పు పట్టలేదు. ఒకరిద్దరు "ఇలాంటివి జరుగుతుంటాయి" అని కూడా అన్నారు. మా కెప్టెన్ లేచి నా ముందుకు వచ్చింది. ఆపిల్ రసంతో స్కార్ఫ్ తడిసిపోయి ఉంది.

"ఆంటీ, ఒక నిమిషం పది సెకన్లు ఉండె మా దగ్గర. నాలుగు చాన్సులుండె. మోకాళ్లు పెట్టమని వీళ్లకు చెప్పింది నేను. మీరు చాలన్నరని చెప్పిన."

"తప్పు నాదే అమ్మా."

"ఓడిపోతే ఓడిపోయినం అనుకుంటుంటిమి. ఆడనే లేదు కద మేము!"

ఉత్తరం కోచ్ ఆ నిమిషం మళ్లీ ఆడించమన్న సంగతి చెప్పకుండా ఉండవచ్చు. చెప్పాను. దాచడం మొదలుపెడితే అంతు ఉండదని చెప్పాను.

"ఆయన ఒప్పుకున్నడా?" అంది నమ్మలేనట్టు. "గెలిచినోడే ఒప్పుకున్నడు. మీరు వద్దన్నరా?"

"నియమం లేదమ్మా."

ఆమె బూట్లు విప్పి, చేత్తో పట్టుకుని, వట్టి కాళ్లతో వెళ్లిపోయింది. సోమవారం నేను పట్టిక దిద్ది, కింద నా పేరుతో తప్పు ఒప్పుకుంటూ రెండు వాక్యాలు రాశాను. ఉత్తరం జట్టు ఫైనల్స్‌కు వెళ్లి మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. పదకొండు వారాలు మా కెప్టెన్ మా ఆఫీసు గడప తొక్కలేదు.

ఆ పదకొండు వారాలు నాకు ఒక వింత జబ్బు పట్టుకుంది. ట్రాము కోసం నిలబడితే డెబ్భై సెకన్లు లెక్కపెట్టేదాన్ని. కుక్కర్ ముందు నిలబడి డెబ్భై సెకన్లు. డెబ్భై సెకన్లంటే ఎంత ఎక్కువో మీకు తెలియదు. ఒక రోటీ రెండు వైపులా కాలుతుంది. పళ్లు తోముకోవచ్చు. నాలుగుసార్లు గీత దాటడానికి ప్రయత్నించవచ్చు. నేను వాళ్ల నుంచి తీసుకున్నది కప్పు కాదు. కప్పు వచ్చేదో రాదో ఎవరికి తెలుసు? ఆ తెలియకపోవడమే నేను తీసుకున్నది.

సెప్టెంబర్ ముప్పై నా ఆఖరి పనిదినం. సెమిస్టర్ ముగిసేదీ ఆ రోజే. సాయంత్రం నాలుగింటికి బల్ల సొరుగులు ఖాళీ చేస్తుంటే మా కెప్టెన్ తలుపు దగ్గర నిలబడింది. లాకరు తాళం ఇచ్చి పోవడానికి వచ్చానంది. తాళం తీసుకుని రిజిస్టరులో కొట్టేశాను. ఆమె వెళ్లలేదు.

"ఆంటీ, స్టాప్‌వాచ్ ఉందా?"

"ఉంది. అప్పగించేశాను, ఆ పెట్టెలో ఉంది."

"తీయండి. పోదాం పాండి."

"ఎక్కడికమ్మా?"

"గ్రౌండుకు. నోటుబుక్కు మాత్రం వద్దు."

గ్రౌండులో మా ఐదుగురూ ఉన్నారు. పక్క ఊరి ఐదుగురూ ఉన్నారు, జూలైలో ఆడిన వాళ్లే. ట్రైనర్ పక్కన నిలబడి క్యారెట్ నములుతున్నాడు. గీతకు ఐదు గజాల దూరంలో బంతి పెట్టి ఉంది. రెఫరీ లేడు. చీటీ లేదు. ఎవరి కాగితాలూ చూడమని నన్ను ఎవరూ అడగలేదు.

"నియమం లేదు కద ఆంటీ," అంది మా కెప్టెన్, "అందుకే నియమం లేకుండనే ఆడుతున్నం. ఒక నిమిషం పది సెకన్లు పెట్టండి. టైం మాత్రమే చూడండి."

పెట్టాను.

మొదటి పాస్ ఎత్తుగా పోయింది. రెండోసారి మా వాడొకడు బంతి పట్టుకుని పరుగెత్తాడు, గీతకు రెండు గజాల్లో పట్టీ లాగేశారు. మూడోసారి అవతలి అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి కొట్టేసింది. తొమ్మిది సెకన్లు మిగిలి ఉండగా నాలుగోసారి బంతి లేచింది. మా కెప్టెన్ గీత వెనక మూలలో ఒంటరిగా ఉంది. చుట్టుపక్కల మూడు గజాల్లో ఎవరూ లేరు. బంతి సరిగ్గా ఛాతీ ఎత్తుకు వచ్చింది. రెండు చేతులూ బంతికి తగిలాయి.

బంతి కింద పడింది.

ఆమే గడ్డి మీద వెల్లకిలా పడి పకపకా నవ్వింది.

"చూసిన్రా ఆంటీ! ఆ రోజు ఆడినా రాకపోతుండె. ఉత్తగ ఇన్ని రోజులు మనాది పెట్టుకున్నరు మీరు. పోండి, ఇంగ నిమ్మళంగ రిటైర్ కాండి."

అందరూ నవ్వారు. రెండు జట్లూ చేతులు కలిపాయి. ట్రైనర్ మాత్రం నా వైపు చూడకుండా చేతిలోని క్యారెట్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. నేను స్టాప్‌వాచ్ సున్నా చేసి అతనికి అప్పగించాను.

ఆమె ఇప్పుడు వోల్ఫ్స్‌బర్గ్‌లో ఉద్యోగం చేస్తోంది. రంజాన్‌కు, ఉగాదికి ఫోను చేస్తుంది. ఇంటి అద్దె గురించి, టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకని డాక్టర్ల గురించి, ఆదివారాలు మళ్లీ ఇంట్లో ఉండడం లేదని భార్య చేత తిట్లు తింటున్న ఆ కోచ్ గురించి చెబుతుంది. ఆ బంతి మాట ఆమె ఎత్తదు. నేనూ అడగలేదు. అడిగితే జవాబు చెబుతుంది, ఆ జవాబును సరిచూసే దారి నాకు లేదు.

ఆ సాయంత్రం ఎండగానే ఉంది. అంతకుముందు నాలుగు రోజులుగా వాన లేదు. నేల పొడిగా ఉంది, బంతి పొడిగా ఉంది. పొడి నేల మీద ఆ పిల్ల చేతుల్లోంచి జారిన బంతుల గడిలో నా నోటుబుక్కులో ఇప్పటికీ సున్నాయే ఉంది. రాయొద్దన్నారు కాబట్టి అప్పుడు రాయలేదు. అప్పటి నుంచి ఎన్నోసార్లు పెన్సిల్ చెక్కి ఆ గడి ముందు కూర్చున్నాను. అక్కడ ఒకటి వేయాలో, సున్నానే ఉంచాలో నాకు ఇప్పటికీ తేలలేదు.